పోట్లాడని చేపలు

"మాకు కొట్లాడని చేపలు కావాలె" అన్నాడు మహిపాల్.

"పెద్దది చిన్నదాన్ని కరవొద్దు. చిన్నది పెద్దదాన్ని చూసి దాక్కోవద్దు" అన్నాడు పక్కనే నిలబడ్డ తమ్ముడు సాయిప్రసాద్.

సుమన్ ఇద్దరికీ స్టూళ్లు వేశాడు. బాన్సువాడ బస్టాండు దగ్గర అతను అక్వేరియం దుకాణం పెట్టి నాలుగేళ్లయింది. రెండడుగుల గాజు పెట్టె, నాలుగు గోల్డ్‌ఫిష్, ఒక గాలి మోటరు. వ్యాపారమంతా అంతే. ఈ ఇద్దరిలా ఎనిమిది అడుగుల ట్యాంకు కావాలని ఇంతవరకు ఎవరూ అడగలేదు. ఇది కుదిరితే వర్ని, కోటగిరి దాకా పేరొస్తుంది. చేపలు ఒకదాన్నొకటి తినేస్తే ఉన్న పేరు కూడా పోతుంది.

"ఫ్లవర్‌హార్న్ పెట్టుకుంటే అదృష్టమంటరన్నా. కానీ ట్యాంకంత నాదే అంటది. ఇంకోదాన్ని బతకనియ్యది."

"అసుంటిది మా ఇంట్ల అడుగు పెట్టొద్దు" అన్నాడు మహిపాల్. చేపకు అడుగెక్కడిదని ఎవరూ అడగలేదు.

"టైగర్ బార్బ్ మంచిగ కనబడతది. ఊకె పక్కదాని రెక్కలు పీకుతది."

ఇద్దరూ ఒకేసారి తల అడ్డంగా ఊపారు.

"ఏంజెల్ మస్తు అందంగుంటది. కానీ పెద్దగైనంక నియాన్ అసుంటి చిన్న చేపలను మింగుతది. కలిసి పెరిగినా సరే."

"కలిసి పెరిగినా?" అన్నాడు సాయిప్రసాద్.

"కలిసి పెరిగినా."

ఇద్దరూ చెరో దిక్కు చూశారు. ఏంజెల్ కూడా వద్దన్నారు.

అట్లా ఐదు ఆదివారాలు నడిచింది. అన్న బుల్లెట్ మీద, తమ్ముడు కారులో, సరిగ్గా పదకొండింటికి వచ్చేవారు. చివరికి రెయిన్‌బోలు, మోలీలు, గౌరామీలు ఖాయమయ్యాయి. మన బోరు నీళ్లకు ఓర్చుకునేవే ఏరి పెట్టాడు సుమన్. కొన్ని పైన తిరుగుతాయి, కొన్ని నడుమ, ఎవరి జాగ వాళ్లదని చెప్పాడు. ఆ మాట ఇద్దరికీ బాగా నచ్చింది. ప్రతి రకం సరి సంఖ్యలోనే ఉండాలన్నారు. శాస్త్రమేమో అనుకున్నాడు సుమన్.

సక్కర్ దగ్గర మాత్రం ఆగింది.

"నాచు తినేది గిదన్నా. ఒక్కటి చాలు."

"ఒక్కటే అంటే ఎట్ల? రెండు పెట్టు" అన్నాడు మహిపాల్.

"రెండు పెడితే జాగ కోసం కొట్లాడతయి."

"ఇగ అది వద్దే వద్దు. నాచు మేమే గీక్కుంటం" అన్నాడు సాయిప్రసాద్.

వెనుక అద్దానికి నీలం పోస్టర్ అంటిస్తానన్నాడు సుమన్. "దీనికి వెనుక లేదు తమ్మీ, రెండు దిక్కులూ ముందే" అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో. నడుమ మొక్కలు గుబురుగా పెట్టమన్నారు. బెదిరిన చేపకు దాక్కునే చోటు కావాలి కదా, ఎంత తెలిసిన మనుషులో అనిపించింది సుమన్‌కు.

ఐదు వారాల్లో అన్న మాటకు తమ్ముడు ఎదురు చెప్పలేదు. తమ్ముడి మాటను అన్న కాదనలేదు. నిజానికి వాళ్లిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకోవాల్సిన అవసరమే రాలేదు. ఏది చెప్పినా సుమన్‌కే చెప్పేవారు. మనసులు కలిశాక మాటలతో పనేంది అనుకున్నాడు సుమన్.

వాళ్లను చూసినకొద్దీ అతనికి తన అన్న హేమ్లా గుర్తొచ్చేవాడు. తండాలో ఉంటాడు, ట్రాలీ ఆటో నడుపుతాడు. చెల్లెలి పెళ్లి ఫ్లెక్సీ మీద ఎవరి ఫోటో పెద్దగా ఉండాలన్న దగ్గర మాటా మాటా పెరిగి, ఇద్దరికీ రెండేళ్లుగా పలుకు లేదు.

ఐదో ఆదివారం సుమన్ దుకాణం మూసి తండాకు పోయాడు. హేమ్లా ఆటో కడుగుతున్నాడు. తలెత్తలేదు.

"పెద్ద ట్యాంకు దింపాలె. నీ ఆటో కావాలె" అన్నాడు సుమన్.

"బాన్సువాడల ఆటోలు లేవా?"

"ఉన్నయి. ఐదు వారాల సంది ఇద్దరు అన్నదమ్ములను చూస్తున్న. కొట్లాడే చేప గూడ ఇంట్ల వద్దంటున్నరు. మనం ఒక ఫ్లెక్సీ కోసం..."

హేమ్లా బట్ట పిండి ట్రాలీ అంచు మీద ఆరేశాడు.

"నీ ఫోటోనే పెద్దగ పెట్టాల్సుండె" అన్నాడు.

"నీదే పెట్టాలె. నువ్వు పెద్దోనివి."

"కాదు, నీదే."

ఆ సంగతి మీద కూడా గొంతులు కొంచెం లేచాయి. తర్వాత ఇద్దరికీ నవ్వొచ్చింది. ఆ పూట సుమన్ అన్న ఇంట్లోనే తిన్నాడు.

బుధవారం ట్యాంకు బయలుదేరింది. హేమ్లా ఆటోను నడక కన్నా మెల్లగా నడిపాడు. తండా నుంచి ఇంకో ఆరుగురు వచ్చారు. గాజుకు గీత పడకుండా అంతా కలిసి మహిపాల్ వాళ్ల ఇంటి హాల్లోకి మోశారు. ముందు అంచు హేమ్లా పట్టాడు, వెనుక అంచు సుమన్. "మెల్లగరా తమ్మీ" అని అన్న అంటుంటే, ఆ పిలుపు విని రెండేళ్లయిందని సుమన్‌కు కళ్లు చెమర్చాయి.

హాలు విశాలంగా ఉంది. రెండు సోఫా సెట్లు, రెండు టీవీలు. ఉన్నోళ్ల ఇల్లు అనుకున్నాడు సుమన్. మహిపాల్ ఒక కిటికీ దగ్గర, సాయిప్రసాద్ ఇంకో కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నారు.

"ఏ గోడకు ఆనించాలె అక్కా?" అని మహిపాల్ భార్య ప్రేమలను అడిగాడు సుమన్.

"గోడకు కాదు తమ్మీ, అన్నదమ్ములు వేరువడ్డరు గద, హాలు నడుమ గోడ కడితే బాన్సువాడంత నవ్వుతదని గోడకు బదులే దీన్ని పెట్టిపిస్తున్నరు."