మధ్యలో దూరిన 'ల'

"కాల్చిన కాదురా, కాచిన! కాచిన!" రూల్సు పుస్తకాన్ని బావమరిది మొహం మీద ఆడిస్తూ అరిచాడు ఆటలాయన.

ఊరి కోసం పోరాడే యుద్ధం ఆట అది, బల్ల మీద పాచికలతో ఆడేది. కనిపెట్టింది ఈయన, అచ్చు వేసింది బావమరిది. అప్పటికే హాల్లో పదహారు బల్లలు వేయించి, బల్లకో పెట్టె పెట్టించి, జనాన్ని కూర్చోబెట్టేశాడు కూడా. అచ్చయిన పుస్తకం ఈయన చేతికి రావడం మాత్రం ఇప్పుడే.

"మెల్లగా బావా, అందరూ చూస్తున్నారు. ఏమైంది?"

"ఆఖరి రూలు చదివి చావు."

"చివరికి ఊరు కాల్చినవాడిదే గెలుపు." బావమరిది తలెత్తాడు. "బాగానే ఉందిగా?"

"ఏడిసినట్టుంది! నేను చెప్పింది ఊరు కాచినవాడిదని. కాపాడినవాడిదని! మధ్యలోకి ఈ 'ల' ఎక్కణ్ణుంచి దూరిందిరా?"

"నువ్వేగా ఫోన్లో చెప్పావు, ముక్కు దిబ్బడేసుకుని. సరిగ్గా వినపడి చావలేదు. యుద్ధం కదా, కాల్చడమే అయ్యుంటుందనుకున్నా."

ఆటలాయనకి కాళ్ళు ఒకచోట నిలవట్లేదు. రెండేళ్ళు! అట్టముక్కల ఇళ్ళ మధ్య టేపు పెట్టి కొలిచి కొలిచి చేతులు కాయలు కాచాయి. సందు మలుపులో ఎదురుపడ్డ ఇద్దరు సిపాయిల్లో ఎవరు ముందు పేల్చాలో తేల్చడానికే నాలుగు నెలలు పట్టింది. మేడమీద నక్కినవాణ్ణి కిందవాడు ఎలా దించాలి, వంతెన పోతే నీళ్ళ ట్యాంకు ఎవరి పాలవుతుంది, అన్నీ రాశాడు. ఇంత చాకిరీ దేనికి? ఆట ముగిసేసరికి బల్ల మీద ఊరు నిలబడి ఉండాలని. అదొక్కటే ఆయన కోరిక.

"మైకు ఇలా తే. తప్పు పడిందని చెప్పేస్తాను."

"నీకు దణ్ణం పెడతా బావా, కాస్త ఆగు. ముందు వాళ్ళ మొహాలు చూడు."

చూశాడు. మొదటి బల్ల దగ్గర ఒక టీచరమ్మ పాచిక విసిరింది. ఆరు పడగానే చిన్నపిల్లలా చప్పట్లు కొట్టి, బడి మీద ఎర్ర నిప్పు బిళ్ళ పెట్టేసింది. ఇల్లు కాలిపోయిందని గుర్తుగా ఆ బిళ్ళలు వేయించింది ఈయనే. పక్క బల్ల మీద ఆసుపత్రి, రొట్టెల దుకాణం, వరసగా ఇళ్ళు, అన్నిటి నెత్తినా ఎర్ర బిళ్ళలే. "పావుగంటలో ఊడ్చేశా!" అని ఒకాయన తొడ కొట్టాడు. సందు మలుపు రూలున్న పేజీ ఒక్కరూ తిప్పలేదు.

"అదరగొడుతోంది బావా," బావమరిది చెవిలో గుసగుసలాడాడు. "ఆ 'ల' అలాగే ఉంచేద్దామా?"

"నోర్ముయ్!"

ఆయన బల్ల బల్లకీ పరుగులాంటి నడక నడిచాడు. ఒక్క ఊరు. ఇంతమందిలో ఒక్కరికైనా కాల్చడానికి చేతులు రాకుండా ఉంటాయా? ఎనిమిదో బల్ల, బూడిద. పదకొండోది, బూడిద. పదిహేనోది కాలుతోంది. ఆయనకి ఏడుపొక్కటే తక్కువ.

పదహారో బల్ల కిటికీ పక్కన ఉంది. అరవై దాటిన ఆలుమగలు ఎదురెదురుగా కూర్చున్నారు. వాళ్ళ మధ్య ఊరు చెక్కుచెదరలేదు. ఒక్క ఎర్ర బిళ్ళ లేదు. సిపాయిలు గోడల పక్కన బుద్ధిగా నిలబడి ఉన్నారు.

ఆయన కుర్చీ లాక్కుని కూలబడ్డాడు. "అమ్మా, ఈ ఆట రాసింది నేనే. ఆఖరి రూలు చదివారా?"

"చదివామండీ, రెండుసార్లు," అంది పెద్దావిడ.

"అయినా కాల్చలేదు!" ఆయన రెండు చేతులూ జోడించాడు. "ఇంతమందిలో మీరిద్దరే అర్థం చేసుకున్నారు. నా రెండేళ్ళ కష్టానికి ఇది చాలు తల్లీ."

ఆలుమగలు మొహమొహాలు చూసుకున్నారు. పెద్దాయన పెట్టె బోర్లించి దులిపి చూపించాడు.

"మా పెట్టెలో నిప్పు బిళ్ళలు రాలేదండీ," అంది పెద్దావిడ. "ఇందాకట్నుంచీ మొత్తుకుంటున్నాం, పట్టించుకునే నాథుడు లేడు. మీ దగ్గరేమన్నా ఉన్నాయా బాబూ?"