కోపగృహంలో కౌసల్య

"ఇంకా ఎంతసేపే? నడుం పట్టేసింది. ఇంత నెమ్మదైతే బొమ్మ పూర్తయ్యేసరికి నేను నిజంగానే దండేసిన పటమై గోడెక్కుతాను." అత్తగారు విసుక్కున్నారు.

కోడలు గబగబా కుంచె కదిపింది. కనుబొమల మధ్య ఆ ముడి విడిపోకముందే పట్టుకోవాలి.

ఆమె గీసేవన్నీ పురాణాల్లోని ఆడవాళ్ల బొమ్మలే. కళ్లు మూసుకుని ధ్యానంలో కూర్చుంటే పాత్ర మనసు అందుతుంది గానీ, ముఖం మాత్రం మనుషుల దగ్గర అరువు తెచ్చుకోవలసిందే. ఈసారి ప్రదర్శనకు కైకేయి కావాలి. కోపగృహంలో నగలు విసిరేసి, జుట్టు విరబోసుకుని నేల మీద కూర్చున్న కైకేయి. ఆ మాట చెబితే ఏ మహాతల్లి ఒప్పుకుంటుంది? అందుకే అత్తగారి దగ్గర కౌసల్య అని బొంకింది. రాముడు అడవికి పోయాక దిగులుతో అలా కూర్చుందని కథ కూడా అల్లింది. ఆవిడ అలాగేలెమ్మని గాజులు, గొలుసు తీసి నేల మీద పెట్టేశారు.

చిక్కంతా అక్కణ్ణుంచే. పెళ్లయి వచ్చిన దగ్గర్నుంచి అత్తగారు కోడల్ని పల్లెత్తు మాట అన్నది లేదు. అలాంటి మనిషి బొమ్మల గదిలో కూర్చోగానే చిర్రుబుర్రులాడేవారు. టీ చల్లారిందనేవారు. రంగుల కంపుకు తల తిరుగుతోందనేవారు. వేరే పనేం లేదా అని దెప్పేవారు. గది దాటితే మళ్లీ అదే చిరునవ్వు.

కోడలికి ప్రాణం చివుక్కుమనేది. ఇన్నేళ్ల మంచితనం పైపూతేనా, కడుపులో ఇంత ఉందా అని కుమిలిపోయేది. మొగుడితో చెప్పుకుంటే, మా అమ్మకు కోపమా అని పడీపడీ నవ్వాడు. అయినా చెయ్యి ఊరుకుంటుందా? ఆ చూపు, ఆ మూతివిరుపు ఉన్నదున్నట్టు దింపేసింది. బొమ్మ తను గీసినవాటన్నిటిలోకీ బాగా కుదిరింది.

ప్రదర్శనకు అత్తగారు వస్తానంటే వద్దనలేకపోయింది. బొమ్మ పక్కన కైకేయి అని పెద్ద అక్షరాలతో రాసి ఉంది. అబద్ధం బయటపడిందా, ఆ గదిలోని కోపం ఇల్లంతా పాకుతుంది. ఇక అమ్మలాంటి ఆ మనిషి తనకు దక్కదు.

అత్తగారు పేరు చదివారు. కళ్లజోడు సర్దుకుని మళ్లీ చదివారు. పక్కనున్నవాళ్లు ఆ చూపులోని కోపాన్ని తెగ మెచ్చుకుంటున్నారు.

కోడలు ఇక ఉండబట్టలేకపోయింది. "అత్తయ్యా, మీకు అబద్ధం చెప్పాను. మీరు కాదంటారని భయపడ్డాను."

అత్తగారు ఆమె చెయ్యి పట్టుకుని దగ్గరికి తీసుకున్నారు.

"నగలు తీసి నేల మీద కూర్చోమన్న రోజే తెలిసింది. నేను కౌసల్యలా కూర్చుంటే నీకు కైకేయి ఎలా వచ్చేదే, పిచ్చిదానా?"