పులుపు నేల

నర్సరీ యజమాని రెమ్మను కళ్ళద్దాల దగ్గరికి పట్టుకుని చూశాడు. ఆకు పసుపుకు తిరిగింది. ఈనెలు మాత్రం పచ్చగా ఉన్నాయి.

“ఎన్నాళ్ళయింది చెల్లెమ్మా?”

“మూడు వారాలు.”

జానెడు ఎత్తు పొద అది. ఏడాది పొడవునా ఆకు రాల్చదు. పైన్ చెట్ల నీడలో, ఆమ్లం ఎక్కువున్న పులుపు నేలలో పెరిగి ఎర్రటి కాయలు కాస్తుంది. తొమ్మిదేళ్ళ కిందట ఆమె భర్త ఇక్కడే కొన్నాడు. వచ్చినప్పుడల్లా నేల పులుపు గురించే మాట్లాడతాడని నర్సరీలో పనివాళ్ళు ఆయన్ని పులుపుసారు అంటారు.

“బావగారు రాలేదేం? నాతో పోట్లాడందే ఆయనకు పొద్దుపోదుగా.”

“రాలేరు.”

“అలిగారా?”

ఆమె డబ్బాలో తెచ్చిన మట్టిని బల్ల మీద కుమ్మరించింది. యజమాని దాన్ని తడిపి, పులుపు కొలిచే మీటరు గుచ్చాడు. ముల్లు ఏడు దాటి ఆగింది.

“అంకె పెరిగేకొద్దీ పులుపు తగ్గినట్టు. ఐదు దాటితే దీనికి గిట్టదు. సున్నం చల్లారా?”

“లేదు.”

ఆయన చిటికెడు మట్టి తీసి నలిపాడు. వేళ్ళకు బూడిదరంగు అంటింది.

“ఇది బూడిదమ్మా. పొయ్యిదా?”

“మాకు గ్యాసే.”

“చెత్త తగలేశారా?”

“లేదన్నయ్యగారూ.”

“బూడిద పడితే నేలలో పులుపు చస్తుంది. పొదకది విషం. బావగారే నాకు వందసార్లు చెప్పారు.”

“నాకు చెప్పలేదు.” ఆమె గొంతులో హెచ్చుతగ్గులు లేవు. “పొద పోకూడదు. ఇంకేం పోయినా సరే.”

“పోదులే. రేపే పైమట్టి రెండు వేళ్ళ లోతున గీకేసి, దూరంగా పారబోయండి. పైన్ ఆకులు కుళ్ళిన మట్టి ఇస్తాను, అది నింపండి.”

“ఆ మట్టి అక్కడే ఉంచి బతికించలేమా?”

“రెండూ ఎలా కుదురుతాయి? బూడిద కావాలో పొద కావాలో తేల్చుకోండి,” అని నవ్వాడు.

ఆమె బల్ల మీది మట్టిని అరచేత్తో దగ్గరికి తీసి డబ్బాలో వేసింది. అంచున మిగిలినదాన్ని వేలికి అద్దుకుని అదీ వేసింది. మూత బిగించింది.

“అదెందుకమ్మా, నేను తుడిచేస్తాగా! ముందు ఎవరు పోశారో కనుక్కోండి. తన పొద మీద బూడిద పోశారని తెలిస్తే బావగారు ఇల్లు పీకి పందిరేస్తారు.”

“ఆ బూడిద ఆయనే.”