టవరు పక్క జంట

శుభవార్త చెవిన పడేసరికి ఆమె చేతిలో తడి దుప్పటి ఉంది. దాన్ని పిండడం కూడా మరిచిపోయింది.

పర్యావరణం ఆఫీసు మేడమ్ కరెంటు టవరు నీడలో నిలబడి ఫోన్లో మాట్లాడుతోంది.

“మాల్ కట్టుకోవడానికి అనుమతి ఇస్తున్నాం. కానీ ఒక్క షరతు. టవరు పక్కన పాత గది ఉంది చూడండి, అక్కడ ఈమధ్యే కాపురం పెట్టిన జంట ఉంది. ముందు ఆ జంటకి మంచి చోటు చూపించండి. ఆ తరవాతే మీ యంత్రాలు కదలాలి.”

దుప్పటి పట్టుకుని వింటున్న ఆమె పెళ్ళిఫొటోలు ఇంకా స్టూడియో నుంచి రాలేదు.

ఆ స్థలం కరెంటు కంపెనీది. నిన్నమొన్నటి దాకా ఒక నర్సరీ ఆయన లీజుకు తీసుకుని మొక్కలు పెంచాడు. ఆమె భర్త అక్కడ తోటమాలి. లీజు గడువు తీరాక స్థలం మాల్ వాళ్ళ చేతికి వెళ్ళింది. మొక్కలు లారీ ఎక్కాయి. తోటమాలి, తోటమాలి పెళ్ళాం, పాత మీటరు గది మిగిలారు. పర్యావరణం వాళ్ళు అనుమతి సంగతి తేల్చేదాకా ఉండమన్నారు మాల్ వాళ్ళు. తేలిపోతే మళ్ళీ అత్తగారి హాలే గతి.

ఆ హాల్లో వాళ్ళ కాపురం ఒక తెర వెనక సాగింది. తెరకి ఇవతల మామగారి దగ్గు, అవతల తోడికోడలి పిల్లల ఎక్కాలు. మొగుడితో ముద్దుగా ఒక మాట అనాలన్నా కుక్కరు కూత కోసం కాచుకోవాలి.

ఈ గదికి తలుపుంది. తలుపుకి గడియ ఉంది. వచ్చిన రోజు ఆ గడియ వేసి, తీసి, మళ్ళీ వేసి, ఆ చప్పుడుకే మురిసిపోయింది. ఇరుగుపొరుగంటే చూరు కింద గోడ కన్నంలోని రెండు గుడ్లగూబలే. ‘పైవాటావాళ్ళు’ అని వాటికి పేరు పెట్టింది మొగుడే.

మేడమ్ ఇంకా మాట్లాడుతోంది. “చెరువు పక్క తోటలో అయితే చప్పుడుండదు. చుట్టూ కంచె, ఒక కాపలా మనిషి. ఇరుగ్గా ఉంటే కుదరదు, రేపు పిల్లలు పుడితే సరిపోవాలి కదా. ఖర్చంతా మీదే.”

పిల్లల మాట వినగానే ఆమె తడి దుప్పట్లో ముఖం దాచుకుంది.

మేడమ్ మొన్న కూడా వచ్చింది. గది చుట్టూ తిరిగి ఫొటోలు తీసింది. “రాత్రిళ్ళు లైటు చాలాసేపు వెలుగుతుందా?” అని అడిగింది. ఆమెకి సిగ్గేసినా, “తొందరగానే ఆర్పేస్తామండీ” అని చెప్పింది. “ఎలకలున్నాయా?” “బోలెడండీ.” మేడమ్ శ్రద్ధగా తలూపింది. అంత చదువుకున్నావిడ తమ కష్టం అడిగి తెలుసుకుందని ఆ పూట మొగుడికి గొప్పగా చెప్పుకుంది.

ఇప్పుడు ముందుగా తోడికోడలికి ఫోన్ చేసింది.

“అక్కా, మాకు చెరువు పక్కన ఇల్లిస్తున్నారు.”

“మీకా? మొహం కడుక్కుని మాట్లాడు.”

“కాపలా మనిషి కూడానట.”

“ఎందుకు, మీ బక్కెట్టు ఎత్తుకుపోతారనా?”

“నవ్వుకో. ఆ తెర మాత్రం ఇక మాకక్కర్లేదు. చింపి మసిగుడ్డలు చేసుకో.”

“ఎప్పుడో చేశాను. మీ మూలలో కుట్టు మిషను పెడదామనుకుంటున్నా. తరవాత ఆ మూల కావాలని రాకూడదు మరి.”

“వస్తే చెప్పుచ్చుకు కొట్టు.”

సాయంత్రం మొగుడు ఒకటికి రెండుసార్లు అడిగాడు. “నిజంగా జంట అందా?”

“జంటే అంది. కొత్త కాపురం అని కూడా అంది.”

అతను ఆమెని ఎత్తుకుని గిర్రున తిప్పాడు. ఆమె కాలు తగిలి అద్దం కింద పడింది. పగల్లేదు. ఇద్దరూ పగలబడి నవ్వారు. స్టవ్వు, గిన్నెలు, దుప్పటి మూట కట్టారు. గడియ కూడా ఊడదీసుకుందామంది ఆమె.

“పిచ్చిదానా, అక్కడ కొత్తది ఉంటుంది” అన్నాడు.

చీకటి పడే వేళకి మాల్ కంపెనీ సూపర్‌వైజరు మోటారు సైకిలు మీద వచ్చాడు. వెనక సీటుకి ఏదో పెట్టె కట్టి ఉంది. మూటలు చూసి తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నాడు.

“అప్పుడే సర్దేశారా. నాకు నోటి శ్రమ తప్పించారు.”

“మేడమ్ చెబుతుంటే విన్నాను అన్నయ్యా. బండి ఎప్పుడొస్తుంది?”

“రేపు పొద్దున్నే. ఏసీ బండి. దారిలో కుదుపు కూడా తగలకూడదట, మేడమ్ ఆర్డరు.”

ఏసీ అనగానే ఆమె మొగుడి చెయ్యి గిల్లింది.

సూపర్‌వైజరు గడ్డి పరిచిన ఆ చెక్కపెట్టెని గుమ్మంలో దించి, చూరు వైపు చూస్తూ గొంతు తగ్గించాడు: “రేపు ఆ గుడ్లగూబల జంటని ఇందులో పెట్టి బండెక్కించగానే గది పడగొట్టేస్తాం, మీరు మాత్రం వెళ్ళేటప్పుడు చప్పుడు చెయ్యకండి, బెదిరిపోతాయి.”