వరుసల మధ్య ఎడం

“అమ్మాయ్, ఆ వరుసలకి ఊపిరాడటం లేదు.”

వెనక నుంచి వినిపించిన మాటకి డిజైనరు ఉలిక్కిపడింది.

కిటికీ దగ్గర బల్ల ముసలాయన. చేతులు వెనక్కి కట్టుకుని, మెడ చాచి, ఆమె కంప్యూటర్ తెరలోకి తొంగి చూస్తున్నాడు.

రకరకాల పనులవాళ్లు తలా ఒక బల్ల అద్దెకు తీసుకుని పనిచేసుకునే గది అది. ఉద్యోగం మానేసి, సొంతంగా వెబ్‌సైట్లు చేసి బతుకుదామని ఆమె అక్కడ చేరి మూడు నెలలైంది. ఇంతవరకూ పని చెప్పిన నాథుడు లేడు. ఇన్నాళ్లకు ఒక డాక్టరమ్మ, “ముందు మందులు ఎప్పుడెలా వేసుకోవాలో చెప్పే పేజీ ఒక్కటి చేసి చూపించు. నచ్చితే ఆసుపత్రి వెబ్‌సైట్ మొత్తం నీకే” అంది. సోమవారం చూపించాలి.

నచ్చకపోతే మంగళవారం నుంచి మళ్లీ పాత ఆఫీసు. బాత్రూమ్‌కి వెళ్లినా టైము రాసిపెట్టే పాత బాసు. అలాగని అక్కకి మాట ఇచ్చేసింది.

ఇలాంటప్పుడు ఈయనొకడు.

“ఏ వరుసలు?”

“ఇవి” అంటూ ఆయన తెర మీద వేలు పెట్టాడు. “పై వరుస వత్తులు కింది వరుస గుడుల నెత్తిన పడుతున్నాయి. కాస్త ఎడం చెయ్యి.”

తెర మీద వేలిముద్ర పడింది. ఆమె ఒంటికాలి మీద లేచింది.

“ముందు వేలు తియ్యండి! ఇది డిజైను, చేతిరాత దిద్దే పుస్తకం కాదు. ఇంగ్లిషు పేజీలకి ఇంతే ఎడం పెడతారు. ఎంత ముచ్చటగా ఉంటాయో తెలుసా?”

“ఇంగ్లిషుకి వత్తులు లేవు కదమ్మా.”

పక్క బల్ల దగ్గర ఎవరో కిసుక్కుమన్నారు. ఆమెకి పుండు మీద కారం చల్లినట్టయింది.

“ఈ అక్షరాల సంగతి నాకు కొంచెం తెలుసు తల్లీ. అందుకని...”

“ఎవరికి తెలీదు? ఒకటో తరగతిలో అందరం దిద్దినవేగా!”

ఆయన తన బల్ల దగ్గరికి వెళ్లిపోయాడు. ఆమె ఆయనకి ‘నసతాత’ అని పేరు పెట్టి, ఆ సాయంత్రమే ఫోనులో అక్కకి చెప్పి నవ్వించింది.

పేరు పెడితే నస ఆగుతుందా? మర్నాడు కాగితంతో వచ్చాడు. ఆమె పేజీలోని మొదటి నాలుగు వరుసలు పెన్సిలుతో రాసి, ఎంత ఎడం ఉండాలో గీతలు గీసి మరీ తెచ్చాడు.

“ఊరికే చూడమ్మా. నచ్చకపోతే పారెయ్.”

నచ్చడం దాకా ఆమె వెళ్లనే లేదు. ఆయన కళ్లెదుటే ఉండ చుట్టి బుట్టలో పడేసింది.

మూడోరోజు ఆయన వెనక నిలబడి చూసి, నిట్టూర్చాడు, అంతే. ఆమె విసురుగా లేచి మేనేజరు దగ్గరికి వెళ్లింది.

“ఆ ముసలాయన ఉంటే నేనుండను. తేల్చండి.”

“పెద్దాయన మేడమ్. ఒకరి జోలికి పోయే మనిషి కాదు. అసలు ఆయన...”

“ఆయన చరిత్ర నాకొద్దు. రోజూ ఆడపిల్ల వెనక నిలబడి తొంగిచూసేవాణ్ణి ఏమంటారో నేనే నలుగురికీ చెప్పనా?”

తానన్నది అన్యాయమని ఆమెకీ తెలుసు. అయినా అనేసింది. మేనేజరు తల వంచుకుని కిటికీ దగ్గర బల్ల వైపు నడిచాడు.

సాయంత్రానికి ముసలాయన పెన్సిళ్లు, స్కేలు, భూతద్దం సంచిలో సర్దుకున్నాడు. వెళ్తూ వెళ్తూ ఆమె బల్లకి నాలుగడుగుల దూరంలో ఆగాడు.

“నేను చూసింది నిన్ను కాదు తల్లీ.”

“వెళ్లండి.”

వెళ్లిపోయాడు. పీడ విరగడైందని ఆమె హాయిగా పని ముగించింది.

సోమవారం డాక్టరమ్మ ఆ పేజీని తాను చదవలేదు. ఫోనులో తెరిచి, మందుల కోసం వచ్చిన ఒక పెద్దావిడ చేతికిచ్చి చదవమంది.

పెద్దావిడ మొదటి వరుసలో బయల్దేరి మూడో వరుసలో తేలింది.

“ఇదేంటి, పొద్దుటి మాత్ర రాత్రికి వేసుకోమంటున్నారు?”

“అలా రాయలేదండీ!” అంది డిజైనరు.

“నువ్వు రాయలేదు, ఆవిడ అలా చదివింది” అంది డాక్టరమ్మ. “వరుసలు ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్నాయి. నా దగ్గరికి వచ్చేవాళ్లంతా ఈ వయసువాళ్లే. ఈ పని నీకివ్వలేను.”

“ఒక్కరోజు టైమివ్వండి మేడమ్, సరిచేసి తెస్తాను.”

“ఇందాక ఇంకొకతను చూపించి వెళ్లాడు. ఈవిడే తడుముకోకుండా చదివింది. అతనికి మాటిచ్చేశాను.”

డిజైనరు లేచి తలుపు దాకా వెళ్లింది.

“అక్షరాలు మాత్రం ముత్యాల్లా ఉన్నాయమ్మాయ్. ఎవరు గీశారు?” అని వెనక నుంచి డాక్టరమ్మ అడిగింది.

ఆమెకి తెలీదు. ఇంటర్నెట్‌లో ఊరికే దొరికిన ఫాంటు దించుకుని వాడింది.

సామాన్లు సర్దుకోవడానికి గదికి వచ్చింది. కిటికీ దగ్గర బల్ల ఖాళీగా ఉంది. ఆ నిట్టూర్పే తగిలింది, పాడు ముసలాయన, అని పళ్లు కొరికింది.

“పన్నెండేళ్లు కూర్చున్న చోటు. ఎక్కడికి వెళ్తున్నదీ చెప్పలేదు, ఫోను నంబరైనా ఇవ్వలేదు” అని మేనేజరు ఆమె వైపు చూడకుండానే గొణిగాడు.

ఆమె వినిపించుకోలేదు. డాక్టరమ్మ ప్రశ్న ఒకటి బుర్రని తొలుస్తోంది. అక్షరాలతో పాటు దిగే చిన్న వివరాల ఫైలు ఒకటి ఉంటుంది. ఈ పనిలో ఉన్నవాళ్లెవరూ దాన్ని తెరవరు. ఆమె మొదటిసారి తెరిచింది.

‘ఈ అక్షరాలు నేను గీసినవి, ఎవరైనా ఊరికే వాడుకోవచ్చు, వరుసలు ఇరుకైతే మాత్రం ఒక్కసారి నా దగ్గరికి రండి, సరిచేసి పెడతాను’ అని రాసి ఉంది, కింద ఇచ్చిన చిరునామా ఈ గదిది, కిటికీ దగ్గర బల్లది.