నాకూ ఇలాగే అయినాది

సోములమ్మ గిన్నెను పక్కకు నెట్టేసింది. ఒక్క గుక్క చోడి అంబలికే నోరంతా కారం పూసినట్టు మండిపోయింది. విశాఖలో రేడియేషన్ ముగించుకుని పెదబయలు దగ్గరి తమ ఊరికి తిరిగొచ్చినా, ఆ వైద్యానికి నోట్లో లేచిన పుండ్లు మానలేదు. చుట్టను నిప్పు నోట్లోకి పెట్టి అడ్డపొగ పీల్చే అలవాటు తెచ్చిన క్యాన్సర్ ఆమెది. గడ్డ పోయిందన్నారు డాక్టర్లు. కానీ మంచినీళ్లు మింగాలన్నా ఆమెకు భయమే. మనిషి సగమైపోయింది. ఇంకా బరువు తగ్గితే ముక్కులోంచి గొట్టం వెయ్యాలన్నారు.

"ఇంక తినను. నన్నొగ్గీ" అని మొగుడు మంగ్లుకు చెప్పేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

సంతలో అల్లం, పసుపు కొనుక్కుని కొండ కింది ఊళ్లకు పంపే వరహాలు ఆ ఏడే వాళ్ల పక్కింట్లో అద్దెకు దిగింది. సంగతి విని వచ్చింది. మంగ్లు దగ్గర టార్చిలైటు తీసుకుని సోములమ్మ నోట్లోకి చూసింది. ముఖం చిట్లించలేదు.

"నాకూ ఇలాగే అయినాది" అంది. "నోరంతా పచ్చిపుండే. మానిపోనాది. నీకూ మానుతాది."

సోములమ్మ లేచి కూర్చుంది. ఆ జబ్బు చేసి బతికి బట్టకట్టిన మనిషిని ఆమె అంతవరకూ చూడలేదు.

ఆనాటి నుంచి వరహాలు రోజూ వచ్చేది. కాచి చల్లార్చిన నీళ్లలో ఉప్పు, తినే సోడా కలిపి పుక్కిలింపించేది. పళ్లకు చంటిపిల్లల బ్రష్షే వాడమంది. చింతపండు, మిరపకాయ ఆమె గిన్నె దగ్గరికి రానివ్వలేదు. అంబలి పల్చగా వడగట్టి, బాగా చల్లారాక స్పూనుతో పట్టేది. మంట పుడితే ఆగేది, తగ్గాక మళ్లీ పట్టేది. మట్టి తిన్నట్టుందని సోములమ్మ ఏడిస్తే, తనకూ అలాగే ఉండేదనీ, కొన్నాళ్లకు రుచి దానంతటదే తిరిగొచ్చిందనీ చెప్పేది. అది విన్నాక సోములమ్మ మరో నాలుగు గుక్కలు మింగేది.

పుండ్లు మెల్లగా మానాయి. ఒక పొద్దున అంబలి తాగుతూ ఆమె ఆగిపోయింది.

"ఉప్పేసినావేటి, అక్కా?" అంది.

వరహాలు తలూపింది. కొంగుతో ముఖం తుడుచుకుంటూ బేగి బయటికెళ్లిపోయింది. సంతోషం పట్టలేకపోయిందనుకుంది సోములమ్మ.

పరీక్షకు విశాఖ వెళ్లినప్పుడు నర్సు గాయత్రి ఆమె నోరు చూసి, ఇంత శ్రద్ధగా ఎవరు చూసుకున్నారని అడిగింది.

"మా పక్కింటి వరహాలక్క. భీమిలి మనిషి" అంది సోములమ్మ. "ఆయమ్మకీ ఈ జబ్బు ఇక్కడే తగ్గిందంట. గుర్తుందా?"

గాయత్రికి ఆ పేరు బాగా గుర్తే.

"ఆవిడకి జబ్బెక్కడిది?" అనేసి, సోములమ్మ ముఖం చూసి గొంతు తగ్గించింది.

"మేం బతికించలేకపోయింది ఆవిడ కూతుర్నమ్మా."