రుచి చూసే మనిషి

“అక్కను అడిగితే ఫొటోలు చూపిస్తోంది. నువ్వు చెప్పు జైనబీ, ఆ దీవిలో ఎక్కడ తింటే బాగుంటుంది?”

అస్రా ఖర్జూరపు గింజను సాసర్లో వేసి ఇంకొకటి అందుకుంది. కప్పుల్లో ఖహ్వా కాఫీ పోస్తున్న జైనబీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మేడమ్ కుటుంబంతో పాటు గ్రీసు దీవికి వెళ్లి, అల్ ఖౌద్‌లోని ఈ ఇంటికి తిరిగొచ్చింది నిన్ననే. ఒళ్లు ఇంకా ఓడలో ఉన్నట్టే ఊగుతోంది. ఇప్పుడు మేడమ్ చెల్లెలు అస్రా, పిల్లల్ని తీసుకుని అదే దీవికి ప్రయాణం కట్టింది.

“రేవు కాడ ఒక ముసలాయన కొట్టుంది మేడమ్. చేపను నిప్పుల మీద కాల్చి నిమ్మకాయ పిండిస్తాడు. చర్చి వెనక సందులో టమాటాల్లో బియ్యం కూరి వండుతారు. కొండ మీదికి పోతే మట్టికుండలో శనగలు. రాత్రంతా పొయ్యిలో మగ్గబెడతారంట. నోట్లో ఏస్తే ఎన్నపూస మాదిరి కరిగిపోతాయి.”

“తెలియకేం,” అని మేడమ్ నవ్వింది. “మా అత్తగారి పళ్లెం పూటపూటా ఖాళీ చేసింది తనే. బుగ్గలు చూడు ఎలా వచ్చాయో.”

అస్రా కూడా నవ్వింది. జైనబీ ముఖం మాడిపోయింది. చేసిందంతా ఆ పెద్దావిడ, మాట పడేది మాత్రం తను.

ఇంట్లో అందరూ యుమ్మా, అంటే అమ్మా, అని పిలిచే ఆ అత్తగారు జైనబీ మనసులో మాత్రం అవ్వ. కడప నుంచి ఈ అరబ్బు దేశంలో ఈ ఇంటికి పనికి వచ్చినప్పటి నుంచీ ఆమె స్నానం, మాత్రలు, చక్రాల కుర్చీ అన్నీ జైనబీ చేతి మీదే. ఎన్నడూ విసుక్కోని మనిషి ఆ దీవిలో కాలు పెట్టగానే మారిపోయింది.

హోటల్‌కు వెళ్తే మేడమ్ వాళ్ల పద్ధతి ఒకటే. జైనబీ కుర్చీ బల్లకు ఎడంగా, అవ్వ వెనకాల. జైనబీ తిండి బసకు తిరిగొచ్చాక. అక్కడ రొట్టె, ఉడికించిన గుడ్లు ఉంటాయి. అది జైనబీకి కొత్త కాదు, దాని గురించి ఆమె ఏమీ అనుకోలేదు కూడా. బాధల్లా అవ్వతోనే. పళ్లెం ముందుకు రాగానే ఆవిడకు అనుమానం మొదలయ్యేది.

“ఇందులో షరాబు పోసి ఉంటారు. ముందు నువ్వు రుచి చూడు.”

జైనబీ ఒక ముక్క నోట్లో వేసుకుని ఏమీ లేదు యుమ్మా అనేది. ఆ చివర చూడమనేది అవ్వ. తర్వాత అడుగున చూడమనేది. చేప ముల్లుగా మిగిలేదాకా ఆ అనుమానం తీరేది కాదు. అంతా అయ్యాక నాకు నమ్మకం లేదు పొమ్మని పళ్లెం నెట్టేసేది. శనగల్లో షరాబు ఎవరు పోస్తారని మేడమ్ నచ్చజెప్పబోతే, ఆమె మీద కూడా లేచింది. ముసలితనంలో మతి చెడిందని ఇంట్లో వాళ్లు ఒక మాట అనేసుకుని ఊరుకున్నారు. మేడమ్ చూసే చూపులకు జైనబీ తల వంచుకుని నమిలేది.

బసకు వచ్చాక ఇంకో తంతు. అవ్వ నమాజు అని తలుపేసుకునేది. కుర్చీలో కూర్చుని చేసే ఆ నమాజు ఇంటి దగ్గర ఇట్టే అయిపోయేది, అక్కడ ఎంతకీ తెమిలేది కాదు. ఒళ్లో ఒక గుడ్డసంచి. అందులో తస్బీహ్ జపమాల ఉంది, ఎవరూ ముట్టకూడదని కట్టడి. కదిలితే లోపల గలగలమనేది. గది ఊడ్చి చెత్తబుట్ట ఖాళీ చేయడానికి జైనబీ కాళ్లు పీకేలా తలుపు బయట నిలబడేది.

అలుపు ఎలాగో ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది వేరే ఉంది. జైనబీ కూడా నమాజు చదివే మనిషే. షరాబు ఉందో లేదో తన నోటితో చూడమనడమేమిటి? హరామైతే అది పనిమనిషి కడుపులో పడినా ఫరవాలేదన్న మాటేగా. ఆ తలపు వచ్చిన ప్రతిసారీ ఆమె మనసు కుతకుతలాడేది. చివరికి నోరు తెరిచి, తనను ఖురియాత్ ఊళ్లో అస్రా గారింటికి మార్చమని మేడమ్‌ను అడిగింది. అక్కడ హసీనా ఉంది, తమ ఊరి పిల్ల. అత్తగారి చేత నాలుగు మెతుకులు తినిపించలేని మనిషి తనకెందుకని మేడమ్ కూడా వెంటనే సరేనంది.

“వచ్చేస్తాండా హసీనా,” అని పొద్దున ఫోన్లో చెప్పింది జైనబీ. “ఈడ నాకు చాతగాదు. అలిసిపోయినా.”

వెళ్లేముందు అవ్వ గదిలోకి వెళ్లింది. అవ్వ తస్బీహ్ తిప్పుకుంటూ కూర్చుని ఉంది. ముంజేతి గాజులు వదులై మోచేతి దాకా జారుతున్నాయి.

“పోతాండా యుమ్మా.”

“అస్రా ఇంట్లో వంటెవరిది?”

“నేనూ హసీనా చేసుకుంటాం.”

“అయితే వేళకు తింటావు. సరే, పో,” అని అవ్వ కిటికీ వైపు తిరిగింది.

ఇన్నేళ్ల చాకిరీకి ఒక మంచి మాట కూడా రాలేదు. కళ్లు తుడుచుకుని జైనబీ, అవ్వ ప్రయాణపు పెట్టెలో మిగిలిన మాసిన బట్టలు మిషన్‌లో వేద్దామని వెళ్లింది. అట్టడుగున, ఓణీలో చుట్టి అవ్వ గుడ్డసంచి దొరికింది. ఎత్తగానే గలగలమంది.

తస్బీహ్ అవ్వ చేతిలోనే ఉంది కదా, మరి ఇదేమిటి? బయట అస్రా కారు హారన్ కొట్టింది. జైనబీ ముడి విప్పి సంచిని నేల మీద గుమ్మరించింది.

అన్నీ ఖర్జూరపు గింజలే.